చింత వేరు, జాగ్రత్త వేరు: మధుమేహియైన శ్రావకుని మూత్రపిండముల విచారము

రాబర్ట్‌సన్‌పేటలో తాకట్టు అంగడి పెట్టుకొన్న ఒక వర్తకుని ఊహించుకొందము. వయస్సు 56. మధుమేహము వచ్చి 12 ఏండ్లు. గిరాకీ తెచ్చిన గాజును గీటురాయి మీద గీచి, ఆమ్లపు చుక్క వేసి, రంగు చూచి, తక్కెడలో మిల్లీగ్రాము వరకు తూచినగాని రూపాయి లెక్కపెట్టడు. కంటితో చూచి మాట చెప్పువానిని నమ్మడు. అట్టి మనిషి, మూత్రమును రక్తమును పరీక్ష చేయించుకొమ్మని డాక్టరు చీటీ వ్రాసియిచ్చి 14 మాసములైనను, ఆ చీటీని గల్లాపెట్టె అడుగున దాచియున్నాడు. పారవేయలేదు; పరీక్షకును పోలేదు. పెట్టె తెరచినప్పుడెల్ల అది కంటబడును. రాత్రి పడుకొనబోవునప్పుడు పాదమును వ్రేలితో నొక్కి గుంట పడుచున్నదా యని చూచుకొనును. తెల్లవారుజామున మూత్రములో నురుగున్నదా యని దీపము వేసి చూచును. బంగారుపేట నుండి ఎవరో తెచ్చియిచ్చిన వేరుపొడి నీళ్లలో కలిపి త్రాగును. సామాయికమునకు కూర్చుండిన 48 నిమిషములును నవకారము పెదవుల మీద నుండును, మూత్రపిండములు మనస్సులో నుండును.

ఈ వర్తకుని పేరు చెప్పనక్కరలేదు. చదువుచున్నవారిలో అతనిని గుర్తుపట్టనివారు అరుదు. ఇతడు చేయుచున్నది జాగ్రత్తయా, చింతయా? ధర్మదృష్టితో చూచినచో ఇది దోషమా, కాదా? ప్రశ్న చిన్నది గాని, దీనికి ఇండ్లలో రెండు విధములైన సమాధానములు వినబడుచున్నవి.

పెద్దలు కొందరు, "దేహము అద్దె ఇల్లు. అసాతా వేదనీయ కర్మము ఉదయించినది, అనుభవించి తీరవలసినదే. పరీక్షలు చేయించుకొని ఏమి మార్చగలవు?" అందురు. కుమారుడు, "బాపూజీ, రేపే బెంగుళూరు పోదాం, తల నుండి కాలు దాకా అన్నీ చూపిద్దాం" అనును. తండ్రికి రెండు మాటలును నచ్చవు. పెద్దల మాట వినినచో భయము తగ్గవలెను, తగ్గుట లేదు. కుమారుని మాట వినినచో పరీక్షకు పోవలెను, కాలు కదలుట లేదు.

పెద్దల మాటకు శాస్త్రములో ఆధారము లేకపోలేదు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రము తొమ్మిదవ అధ్యాయములో ధ్యానమును విభజించుచు, ఆర్తధ్యానము నాలుగు విధములని చెప్పినాడు. అందు వేదనను, రోగమును గూర్చి మనస్సు నిలువక తిరుగుట ఒకటి. ఇది కర్మబంధమునకు కారణమే గాని నిర్జరకు కాదు. ఈ మాటను పట్టుకొనియే "రోగము ఊసే ఎత్తరాదు" అని కొందరు అర్థము తీయుచున్నారు. అర్థము అది కాదు. శాస్త్రము నిందించినది మనస్సు ఒకేచోట గిరగిర తిరుగుటను, వైద్యమును నిందింపలేదు. ఆహారము, ఔషధము, జ్ఞానము, అభయము అను నాలుగు దానములలో ఔషధమునకు చోటు గలదు. సాధు సాధ్వులకు మందు వహరాయించుట (సమర్పించుట) పుణ్యమని శ్రావకుడెరుగును. ఇచ్చుట పుణ్యమైన వస్తువును పుచ్చుకొనుట పాపమెట్లగును?

పోనిండు, కర్మమును గూర్చిన మాట. జైనసిద్ధాంతము విధివాదము కాదు. కాలము, స్వభావము, నియతి, కర్మము, పురుషార్థము అను అయిదును కలిసినగాని కార్యము కాదని మహరాజ్ సాహెబులు వ్యాఖ్యానములలో ఎన్నిమారులో చెప్పియున్నారు. వ్యాపారములో నష్టము వచ్చినప్పుడు "కర్మము" అని అంగడి మూసికొన్న శ్రావకుడు ఎవడును కనబడడు. అయిదవదైన పురుషార్థమును బజారులో పూర్తిగా వాడుకొని, దేహము దగ్గరకు వచ్చునప్పటికి నాలుగవ దానితో ఆగిపోవుట ఏమి న్యాయము?

చింతకును జాగ్రత్తకును భేదము తెలిసికొనుటకు సులభమైన గుర్తు ఒకటి గలదు. ఆలోచన ముగిసిన పిదప చేయవలసిన పని ఏదైన మిగిలినదా యని చూచుకొనవలెను. మిగిలినచో అది జాగ్రత్త. ఏమియు మిగులక, మరునాటి రాత్రి అదే ఆలోచన అదేచోట మొదలైనచో అది గానుగెద్దు నడక.

ఇక మూత్రపిండములు చేయు పని. ఒక్కొక్క పిండములో సుమారు 10 లక్షల సన్నని వడపోత యంత్రములు గలవు. రెండును కలిసి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును రక్తము నుండి వడగట్టి, పనికివచ్చునదంతయు మరల రక్తమునకు చేర్చి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రము బయటికి పంపును. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నుండి, దానికి రక్తపుపోటు తోడైనచో, జల్లెడ కన్నులు చెడి, లోపల నిలువవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు బయటికి జారుట మొదలుపెట్టును. (మాంసకృత్తు అను పేరు చూచి జడియనక్కరలేదు, కందిపప్పులోను ఆ జాతి పదార్థమే యున్నది.) ఈ జారుడు మొదలైన తొలి ఏండ్లలో నొప్పి లేదు, వాపు లేదు, కంటికి కనబడు నురుగు లేదు. కనుక మన వర్తకుడు రాత్రివేళ పాదము నొక్కి చూచుకొనుట గీటురాయి లేకుండ బంగారము కొనుట వంటిది. వాపు కనబడునాటికి సరకు చాలవరకు పోయియుండును.

కోలారు బంగారు గనుల వారికి ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ చేతిలోను, పిమ్మట ప్రభుత్వము చేతిలోను నడచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడిన ఆ గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతు పోయినవి. అంత లోతున బండ మీద ఒత్తిడి ఏండ్ల తరబడి పేరుకొనుచుండెడిది. పైన వీధిలో నడచువానికి ఏమియు తెలియదు. ఒకనాడు బండ హఠాత్తుగా పగిలి మనుష్యుల ప్రాణములు పోయెడివి. అందుచేత లోపలి సన్నని కదలికలను వినుటకు పరికరములు అమర్చినారు. అట్లు చెవియొగ్గి విన్నవారిని పిరికివారని ఎవ్వరును నవ్వలేదు. గనిలో ఊరు నీటిని తోడు పంపుల సంగతియు అంతే. అవి తిరుగుచున్నన్నాళ్లు వానిని తలచినవారు లేరు. గనులు మూసి పంపులు ఆపిన పిదప నీరు సొరంగములను నింపివేసినది.

మూత్రపిండములకు చెవియొగ్గు పరికరములు రెండు. మొదటిది మూత్రపరీక్ష. 1 గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములకు లోపల నున్నచో మంచిది. 30 నుండి 300 వరకు హెచ్చరిక. 300 దాటినచో నష్టము ముదిరినట్లు. రెండవది రక్తములోని క్రియాటినిన్‌ను బట్టి కట్టు లెక్క, దానిని ఇ.జి.ఎఫ్.ఆర్. అందురు. అది 90కి పైన నుండుట మేలు; 60కి లోపల మూడు మాసములు నిలిచినచో మూత్రపిండ వ్యాధి యనియే అందురు; 15కి లోపలికి దిగినచో డయాలసిస్ మాట వచ్చును. పెద్ద వయస్సులో వచ్చు మధుమేహమున, వ్యాధి తెలిసిన నాటి నుండియే ఏటేట ఈ రెండును చూపించుకొనవలెను. జ్వరము వచ్చినప్పుడును, మూత్రపు మంట యున్నప్పుడును ఆల్బుమిన్ అంకె పెరుగవచ్చును గనుక ఒక్క చీటీతో తీర్పు చెప్పరు, మరల చూతురు. ఇందులో సూది పోటు ఒక్కటి తప్ప బాధ లేదు. దీనికై బెంగుళూరు పోవలసిన పనియు లేదు.

మధుమేహులందరికి మూత్రపిండములు చెడవు. ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి చెడును. ఆ ఒకరికైనను మార్గము మూసికొనిపోలేదు. చక్కెరను, రక్తపుపోటును అదుపులో నుంచినచో నష్టము తగ్గునని 1998లో వెలువడిన బ్రిటను దేశపు దీర్ఘకాల పరిశోధన తేల్చినది. లోసార్టాన్ వంటి రక్తపుపోటు మాత్రలు మూత్రపిండమును కాపాడునని 2001లో తెలిసినది. గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు క్షీణతను ఇంకను నెమ్మది చేయునని 2019, 2020లలో వెలువడిన పరిశోధనలు చూపినవి. కీళ్లనొప్పులకని అంగడిలో అడిగి కొని మ్రింగు నొప్పి మాత్రలు మాత్రము ఈ శ్రమనంతయు వ్యర్థము చేయగలవు. లోహభస్మములు కలిసిన, ఊరు పేరు లేని పొడుల సంగతియు అట్టిదే.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున, కొబ్బరి జీడితోటల మధ్య, మధుమేహము లేని రైతులకు కూలీలకు కూడ మూత్రపిండములు చెడుచున్నవి. కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. వారికై 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రియే తెరచినారు. ఆ పల్లెవాని భయమునకు పట్టుకొనుటకు కొమ్మ లేదు: నీటిని శంకించవలెనా, మట్టినా, ఎండనా? రాబర్ట్‌సన్‌పేట వర్తకునికి కారణము తెలుసు, కొలత తెలుసు, మందు తెలుసు. ఇన్ని తెలిసియు ఉద్దానపు రైతు వలె చీకటిలో కూర్చుండుట అతడు తెచ్చిపెట్టుకొన్నది.

మరి అతడెందుకు పోడు? మూర్ఖుడు కాడు గదా. అంకె కాగితము మీదికి ఎక్కనంతవరకు వ్యాధి లేనట్లే యని ఒక మూల ఆశ. అంతకంటె పెద్దది బజారు భయము. "సేఠ్‌కు కిడ్నీలు పోయినవట" అను మాట ఒక్కటి పుట్టినచో అప్పిచ్చినవాడు తొందరపెట్టును, ఇవ్వవలసినవాడు తాత్సారము చేయును. ఇంట పెండ్లికెదిగిన పిల్ల యున్నచో సంబంధము వారు వెనుకాడుదురు. ఈ భయము వట్టిది కాదు. సమాజము దీనికి బాధ్యత వహింపవలసియున్నది. ఒకని వ్యాధిని రెండవవాడు బేరమునకు వాడుకొనుచున్నంతకాలము చీటీలు గల్లాపెట్టెల అడుగుననే యుండును. అభయదానము అన్నింట శ్రేష్ఠమని వేదిక మీద చెప్పుకొనువారు, రోగియైన సాధర్మికునికి ఇవ్వదగిన అభయము ఏదో కొంచెము ఆలోచింపవచ్చును.

పర్యూషణము సమీపించినప్పుడు ఈ చింత క్రొత్త రూపు తాల్చును. ఇంట తాత అఠాయి చేసినాడు, తండ్రి చేసినాడు. ఇతడు ఎనిమిది దినములు ఉపవాసము చేయకున్న నలుగురిలో తల ఎత్తుకొనలేడు. డాక్టరుకు చెప్పినచో వలదనునని చెప్పడు. మాత్రలు మ్రింగిన దేహముతోనే పచ్చక్ఖాణము పుచ్చుకొనును. దీనిలోని అపాయము తెలిసికొనదగినది. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర, మూత్రపిండము మందగించిన దేహములో ఎక్కువ సేపు నిలిచి, అర్ధరాత్రి రక్తములోని చక్కెరను క్రిందికి త్రోయును. చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడునప్పుడు నోటిలో చక్కెర వేయవలెను. సూర్యోదయము వరకు నోరు తెరువనని అతడు పట్టుబట్టినచో ప్రాణమునకే ముప్పు. నీరు సయితము విడిచిన చోవిహార ఉపవాసములో, రక్తపుపోటు మాత్రలును గ్లిఫ్లోజిన్ మాత్రలును మానకున్నచో, ఎండిన దేహములో మూత్రపిండములకు దెబ్బ తగులవచ్చును. ఏ మాత్ర ఆపవలెనో, ఏది ఆపరాదో డాక్టరు ముందుగా చెప్పవలసినది. ఎవరికి వారు నిర్ణయించుకొనరాదు.

పచ్చక్ఖాణము పలికించునప్పుడు మహరాజ్ సాహెబుల నోట కొన్ని ఆగారములు, అనగా మినహాయింపులు, వచ్చును. తీవ్రరోగముచే దేహసమాధి చెడునప్పుడు ఔషధము పుచ్చుకొనుటకు అవకాశమిచ్చునది అందులో ఒకటి. ఏండ్ల తరబడి చేతులు జోడించి దానిని విన్నవారిలో ఎందరు అర్థమడిగినారు? వ్రతమును విధించినవారే మనుష్యుని దేహము ఎట్టిదో తలచి తలుపు సందు విడిచియుంచినారు.

తపస్సు పన్నెండు విధములు. బాహ్యతపస్సులారింటిలో అనశనము మొదటిది. దాని ప్రక్కనే ఊనోదరి, వృత్తిసంక్షేపము, రసత్యాగము గలవు. మధుమేహియైన శ్రావకునకు ఈ మూడును ఇంటి తలుపు తట్టుచున్నవి. మారువాడీ ఇంట అప్పడము, ఊరగాయ, సేవు లేని పళ్లెము పళ్లెము కాదు. దినమునకు ఉప్పు 5 గ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రెండు అప్పడములు, ఒక ముక్క ఊరగాయ ఆ లెక్కలో ఎంత తినివేయునో గృహిణులు చూచుకొనవలెను. ఎనిమిది దినములు అన్నము మానుట గొప్పయే. 365 దినములు అప్పడము మానుట అంతకంటె కష్టము, దానికి ఊరేగింపు లేదు, శాలువ లేదు, సంచికలో ఫోటో లేదు. (రాగిముద్ద మధుమేహమునకు మందని కోలారు జిల్లాలో గట్టి నమ్మకము. రాగి మంచిదే, గాని ఒక్క పూట మూడు ముద్దలు దించినవాని రక్తములో అదియు చక్కెరయే యగును.)

ఇక ఇన్సులిను. మాత్రలు చాలనప్పుడు సూది వేయించుకొమ్మనగానే కొందరు శ్రావకులు "అది జంతువుల నుండి తీసినది గదా" అని వెనుకాడుదురు. 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు దానిని కుక్కల క్లోమము నుండి వేరుచేసిన మాట నిజము. తరువాత 60 ఏండ్లు పశువుల, పందుల క్లోమముల నుండియే తీసినారు. ఆ కాలపు శ్రావకుని సంకోచమునకు అర్థముండెను. 1982లో సూక్ష్మజీవుల ద్వారా తయారైన మానవ ఇన్సులినుకు అమెరికాలో అనుమతి లభించినది. 2004లో బెంగుళూరు బయోకాన్ కంపెనీ ఈస్టు ద్వారా దానిని తయారుచేసి మన దేశములో విడుదల చేసినది. నేడు మందుల అంగడిలో సామాన్యముగా దొరకునది ఈ జాతిదే. ఇందులో హింస సున్న యని చెప్పలేము. పంచేంద్రియ జీవి వధ లేదని చెప్పవచ్చును.

మందులో జీవహింసను తప్పించవలెనను ఆలోచన క్రొత్తది కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమునకు చెందిన ఉగ్రాదిత్యాచార్యుడు కల్యాణకారకమను వైద్యగ్రంథము రచించి, మాంసము ఔషధముగా పనికిరాదని వాదించినాడు. తాను రామగిరి మీద నున్నట్లు ఆయన చెప్పుకొన్నాడు. దానిని కొందరు పండితులు విజయనగరము దగ్గరి రామతీర్థముగా గుర్తించినారు. ఆయన మందు మానుమనలేదు, మేలైన మందు వెదకినాడు.

సంకోచించువారు తెలియవలసినది మరియొకటి. డయాలసిస్ చేయునప్పుడు రక్తము గడ్డకట్టకుండ వాడు హెపారిను నేటికిని పంది పేగుల నుండియే వచ్చుచున్నది. అహింస పేరిట ఇన్సులినును నిరాకరించి, చక్కెరను ఏండ్ల తరబడి హెచ్చనిచ్చి, చివరకు వారమునకు రెండు మూడు మారులు నాలుగేసి గంటలు ఆ యంత్రము ప్రక్కన పండుకొనువాడు ఏ హింసను తప్పించుకొన్నట్లు? కోలారు పట్టుగూళ్లకు పేరుపడిన జిల్లా. గూటిలోని పురుగు వేడికి చచ్చినగాని పట్టుదారము తెగకుండ రాదు. ఆ పట్టుచీరను బల్లమీద పరచి అమ్మునప్పుడు కలుగని సందేహము, ఇన్సులిను సీసా చూచినప్పుడే కలుగుచున్నది. సూది భయము పలుమారు అహింస వేషము వేసికొని వచ్చును.

ఇంకొక వేషము గలదు. దానిని గూర్చి మాటలాడుటకు కొంత జంకవలసియున్నది. "మూత్రపిండములు పోయిన నాడు సంథారా పుచ్చుకొందును, పరీక్షలతో నాకేమి పని?" అని మన వర్తకుడు ఒకనాడు భార్యతో అన్నాడనుకొందము. ఆమె కన్నీరు తుడుచుకొని లోపలికి పోయినది. మాట పెద్దది. ఈ నేల దానినెరిగిన నేల. కోలారును తొలి రాజధానిగా చేసికొన్న గంగవంశమునకు సింహనంది ఆచార్యుడు అండగా నిలిచినాడని శాసనములు చెప్పుచున్నవి. ఆ వంశపు మారసింహుడు సుమారు 974లో రాజ్యము విడిచి, బంకాపురములో అజితసేనాచార్యుని సన్నిధిని సల్లేఖన వ్రతముతో దేహము చాలించినాడు. ఆయన యుద్ధములు ముగించి, రాజ్యభారము దించుకొని పోయినాడు. వైద్యుని చీటీ దాచుకొని పోలేదు. రోగము కారణముగా సల్లేఖన పుచ్చుకొనుటకు ఆ రోగము ప్రతీకారము లేనిదై యుండవలెనని సమంతభద్రాచార్యుడు నియమము పెట్టినాడు. 2015 ఆగస్టులో రాజస్థాను హైకోర్టు సంథారాను ఆత్మహత్యతో సమానము చేసినప్పుడు సమాజమంతయు వీధిలోనికి వచ్చి, ఇది నిరాశతో చచ్చుట కాదని చెప్పినది. ఆ నెలాఖరుననే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. అట్లు చెప్పిన సమాజములోనివాడే, 14 మాసములుగా ప్రతీకారమును గల్లాపెట్టెలో దాచి, పిదప రోగమునకు ప్రతీకారము లేదనుట ఎట్లు?

ఎనుబదియేండ్ల వృద్ధుడు, చేయదగినదంతయు చేసి, యంత్రము మీద బ్రదుకుట చాలునని గురువుతోను ఇంటివారితోను ఆలోచించి నిర్ణయించుకొనుట వేరు విషయము. దానిని బయటివారు తూచలేరు. ఈ వ్యాసము ఆ గుమ్మము దాటదు.

మన వర్తకుని కథకు వత్తము. దీపావళికి క్రొత్త బహీ తెరచుటకు ముందు గల్లాపెట్టె దులుపునప్పుడు చీటీ చేతికి వచ్చినదనుకొందము. భార్య చూచినది, ఏమియు అనలేదు. సోమవారము ఉదయము అతడు ఒంటరిగా బయలుదేరి సీసా ఇచ్చి వచ్చినాడు. మరునాడు కాగితము వచ్చినది. ఆల్బుమిన్ 86, ఇ.జి.ఎఫ్.ఆర్. 71. మంచిది కాదు, చేయి దాటినదియు కాదు. డాక్టరు ఒక మాత్ర మార్చి, ఒకటి చేర్చి, మూడు మాసములకు మరల రమ్మన్నాడు. వచ్చే పర్యూషణమునకు ముందు తనకు చెప్పకుండ ఏ వ్రతమును పట్టవలదని కూడ అన్నాడు. వేరుపొడి సంగతి అడిగినప్పుడు వర్తకుడు నిజము చెప్పినాడు.

ఇంటికి వచ్చి, పాత బహీ చివరి పుటలో తేదీ వేసి రెండంకెలు వ్రాసికొన్నాడు. క్రింద మూడు మాసముల తరువాతి తేదీ వ్రాసి గీత గీచినాడు. సాయంకాలము సామాయికములో మూడవ మాల వరకు మనస్సు నిలిచినది. రాత్రి పడుకొనబోవుచు, దీపము ఆర్పకముందు, వ్రేలు మరల పాదము మీదికి పోయినది. భార్య ఆ చేతిని పట్టుకొని ప్రక్కకు పెట్టినది.